కారే ముక్కుకు కారం ఎందుకు?

మొన్న ఆషాఢంలో, లష్కర్ బోనాలకు ఇంకో వారం ఉందనగా, మా చెల్లెలి కొడుక్కి సర్ది పట్టింది. తొమ్మిదేళ్ళవాడు. క్లాసులో సగం మంది అప్పటికే తుమ్ముతున్నారట. బడి మాన్పించి, సికింద్రాబాద్ చిలకలగూడలో మా ఇంట్లో దింపి వెళ్ళింది చెల్లెలు. వాడు దుప్పటి నెత్తి మీదుగా కప్పుకుని, నోటితో గాలి పీలుస్తూ మంచం మీద కూర్చున్నాడు. మిరియాల చారు పెట్టి, స్టీలు గ్లాసులో పోసి, చెయ్యి కాలకుండా చిన్న తువ్వాలు చుట్టి ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడో లేదో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నుదుట చెమట పట్టింది, ముక్కు ధార కట్టింది. తువ్వాలుతోనే తుడుచుకుని నా వైపు చూశాడు.

"పెద్దమ్మా, ముక్కు ముందే కారుతుంది కదా. మళ్ళ ఇంకా కారెటట్టు చేసేది ఎందుకు తాగాలె?"

వాడి వయసులో, ఇదే ఇంట్లో, ఇదే చారు మా నాయనమ్మ చేత్తో ఇస్తే తాగినదాన్ని నేను. "తాగు బిడ్డా, నెత్తి బరువు దిగుతది" అనేది. దిగేది. ఎందుకు దిగుతుందో అడగాలని నాకు తోచనే లేదు. వాడికి తోచింది. అడిగిన పిల్లవాడితో "పెద్దవాళ్ళు చెప్పారు, తాగు" అనడం నాకు ఇష్టం ఉండదు. ఆ పూట వాడికి అర్థమయ్యేంత చెప్పాను. వివరంగా చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలింది.

కారం నిజంగా రుచేనా?

ఉగాది పచ్చడిలో ఆరు రుచులనీ, అందులో కారం ఒకటనీ లెక్కపెడతాం. నాలుక మీది రుచి మొగ్గలకు మాత్రం కారంతో పనిలేదు. దీనికి రుజువు వంటింట్లోనే ఉంది. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే కన్ను మండుతుంది. మామిడిపండు తిన్న చేత్తో నలుపుకుంటే కంటికి తీపి తెలియదు. కారాన్ని పట్టుకునేవి రుచి మొగ్గలు కావు. చర్మంలో, కంట్లో, ముక్కులో, నోట్లో అంతటా పరుచుకుని ఉన్న నొప్పి నాడుల కొసలు.

ఆ కొసల మీద చిన్న తలుపులాంటి ప్రొటీను ఒకటి ఉంటుంది. దాన్ని 1997లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టి వివరించింది. టీఆర్‌పీవీ1 అని దాని పేరు. 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి ఆయనకూ, స్పర్శ మీద పరిశోధన చేసిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి ఇచ్చారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే ఈ తలుపు తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకు కబురు పెడుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ ఆ తలుపుకు మారుతాళం చెవి లాంటిది. మిరియాల్లోని పైపరిన్, అల్లంలోని జింజరాల్ కూడా అదే తలుపు తీస్తాయి, అంత జోరుగా కాకపోయినా. అక్కడ నిప్పు లేదు, అయినా కాలుతోందనే మెదడు నమ్ముతుంది. ఒళ్ళు చల్లబరచడానికి చెమట పట్టిస్తుంది.

ఇక ముక్కు సంగతి. ముఖమంతటి నొప్పినీ వేడినీ మెదడుకు చేరవేసే నాడి ఒకటే. మూడు కొమ్మలై ఒకటి కన్ను, నుదురు వైపు, ఒకటి ముక్కు, పైదవడ వైపు, మూడోది కింది దవడ, నాలుక వైపు పోతుంది. నోట్లో మంట పుడితే ఆ కబురు మెదడు అడుగు భాగానికి చేరుతుంది. అక్కడి నుంచి తిరుగు టపాలో ముక్కులోని గ్రంథులకూ కన్నీటి గ్రంథులకూ ఒకటే ఆజ్ఞ: నీళ్ళు వదలండి, కడిగేయండి. మంట పుట్టింది నోట్లో అయినా ముక్కు కారేది అందుకే. జలుబు లేనివాళ్ళకు కూడా ఆవకాయ కొత్తజాడీ తీసిన రోజున ముక్కు కారడం ఇదే.

వాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. చారు తాగాక కారేది పలచని నీరు. అంతకుముందు ముక్కులో అడ్డంపడి ఉన్నది చిక్కని చీమిడి. జలుబు మొదలైన రోజు ముక్కు నీళ్ళలాగే కారుతుంది. రెండో రోజుకో మూడో రోజుకో అది చిక్కబడుతుంది, ముక్కు లోపలి పొరల్లో రక్తనాళాలు ఉబ్బుతాయి, దారి మూసుకుపోతుంది. దాన్నే ముక్కు దిబ్బడ అంటాం. తల బరువెక్కేది, రాత్రి పడుకుంటే ఊపిరాడనట్టుండేది అప్పుడే. కొత్తగా ఊరిన పలచని నీరు ఆ చిక్కదనాన్ని విడదీసి కదిలిస్తుంది. అంట్ల గిన్నెలో ఎండిన మెతుకుల మీద నీళ్ళు పోసి నానబెట్టడం లాంటిది.

కాబట్టి ఇందులో నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ముక్కు నీళ్ళలా కారుతున్న మొదటి రోజు ఘాటైన చారు పెద్దగా ఒరగబెట్టదు. వాడి ఫిర్యాదు న్యాయమైనదే. అప్పుడు ఉత్త చారన్నం చాలు. దిబ్బడ వేసిన రోజు నుంచి దాని అవసరం. మా నాయనమ్మ సర్ది పట్టిన నాడు పప్పుచారు పెట్టి, మర్నాటికి రోలు ముందేసుకునేది. ఆ వరస ఎందుకో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

అన్నం సప్పగా ఉన్నా కారం ఎలా తెలుస్తుంది?

జలుబు చేసినప్పుడు నోటికి చవి ఉండదు. నిజానికి నాలుక బాగానే ఉంటుంది, చెడింది వాసన. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం, నములుతుంటే గొంతు వెనక నుంచి ముక్కులోకి పోయే వాసనే. దారి మూసుకుపోతే పప్పుకీ కూరకీ తేడా తెలియదు. ఉప్పు, పులుపు, తీపి మాత్రం మిగులుతాయి. కారం కూడా మిగులుతుంది, అది వాసన నాడి మీద ఆధారపడదు కనక. మూడు రోజులుగా ముద్ద మింగనివాడు మిరియాల చారుతో నాలుగు ముద్దలు తినేది ఇందుకే. నీరసించిన ఒంటికి ఆ నాలుగు ముద్దలు, ఆ ఉప్పు, ఆ నీళ్ళు కావాలి.

చల్లారితే ఎందుకు పనిచేయదు?

"సల్లారితే సచ్చిపోతది, తాగు" అనేది నాయనమ్మ, చారు గురించి. అది పొగలు కక్కుతుండగానే, ఊదుకుంటూ, చప్పరిస్తూ తాగాలి.

1978లో ఫ్లోరిడా రాష్ట్రం, మయామీ బీచ్‌లో కొందరు వైద్యులు దీన్ని కొలిచారు. ముక్కులోని చీమిడి నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో చూశారు. వేడినీళ్ళు చప్పరించాక ఆ వేగం 6.2 నుంచి 8.4కి పెరిగింది. వేడి కోడి సూపుతో 6.9 నుంచి 9.2కి. చన్నీళ్ళు తాగితే 7.3 నుంచి 4.5కి పడిపోయింది. వేడి చేసిన మేలు అరగంటలో కరిగిపోయింది. ఒక్కసారి కుండెడు తాగించే కంటే పూటకో గ్లాసు ఇవ్వడమే మేలని నేను దీన్నుంచి తెలుసుకున్నాను.

2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో, జలుబుల మీదే పనిచేసే కేంద్రంలో, 30 మంది జలుబు రోగుల మీద ఇంకో పరీక్ష జరిగింది. ఒకే పండ్ల పానీయం వేడిగానూ, గది వేడిమిలోనూ ఇచ్చి చూశారు. వేడిది తాగితే ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతు నొప్పి, చలి, అలసట అన్నీ అప్పటికప్పుడే తగ్గినట్టు చెప్పారు. పరికరంతో కొలిస్తే మాత్రం ముక్కులోంచి పోయే గాలి ఏమీ పెరగలేదు. దీన్ని చదివి "అంతా భ్రమేనన్నమాట" అనే వాళ్ళుంటారు. నేను అలా అనను. జలుబుతో బాధపడేది పరికరం కాదు, మనిషి. మనిషికి హాయిగా ఉంటే హాయి కలిగినట్టే.

వేడికి మిరియం తోడైతే ఇంకో మలుపు ఉంది. ఇందాకటి తలుపును మిరియం సగం తీసి పెడుతుంది. అప్పుడు అంత వేడి లేకున్నా కాలినట్టు తోస్తుంది. పులుపు కూడా ఆ తలుపును అలాగే వదులు చేస్తుంది. అంటే చింతపండు రసం, మిరియం, వేడి మూడూ ఒకే తలుపు మీద కలిసి తోస్తాయి. ఏ ఒక్కటి తీసేసినా చారు బలహీనపడుతుంది. వాచిన గొంతులో ఆ తలుపు ముందే వదులై ఉంటుంది. అందుకని గొంతు పుండులా ఉన్నవాళ్ళకు రోజూ తినే కారం కూడా భరించలేనిదవుతుంది. వాళ్ళకు మిరియాలు సగానికి తగ్గించి, నెయ్యి పెంచాలి.

దీంతో జలుబు పోతుందా?

పోదు. ఇక్కడ మెలికలు తిప్పకూడదు. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. ఎక్కువగా రైనోవైరస్‌లు, వాటిలోనే 150కి పైగా రకాలున్నాయి. ఒకదాన్ని ఒళ్ళు గెలిచి గుర్తుపెట్టుకునేసరికి ఇంకోటి వస్తుంది. బ్రిటన్‌లో సాల్స్‌బరీ దగ్గర 1946 నుంచి 1990 దాకా ఒక పరిశోధన కేంద్రం, వాలంటీర్లను పిలిచి, వాళ్ళకు కావాలని జలుబు అంటించి, మందు కోసం వెతికింది. వైరస్‌ల గురించి చాలా నేర్చుకున్నారు, జలుబును నయం చేసే మందు మాత్రం చేతికందలేదు. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మనవాళ్ళు చెప్పుకునే మాట ఇప్పటికీ చెల్లుతుంది. యాంటీబయాటిక్‌లు బాక్టీరియాల మీద పనిచేస్తాయి, జలుబు వైరస్‌ల మీద కాదు. మందుల షాపులో చేయి చాపి అవి కొనుక్కుని మింగడం కంటే చారు తాగడం నూరుపాళ్ళు నయం.

మరి వానలో తడిస్తే జలుబు చేస్తుందని ఎందుకంటారు? ఈ ప్రశ్న సికింద్రాబాద్‌లో అడిగితే ఒక పాత సంగతి గుర్తొస్తుంది. మలేరియా అన్న మాటకు అర్థమే 'చెడ్డ గాలి'. చిత్తడి నేలల గాలి పీల్చినందుకే చలిజ్వరం వస్తుందని వందల ఏళ్ళు నమ్మారు. 1897 ఆగస్టు 20న ఇక్కడే, బేగంపేటలో, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. తప్పు గాలిది కాదు, దోమది అని తేలడం అక్కడ మొదలైంది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. జలుబు కథ కూడా ఇలాంటిదే. నేరం చలిగాలిది కాదు, పక్కవాడి తుమ్ముదీ, వాడు పట్టుకున్న తలుపు గడియదీ. వానాకాలంలో అందరం కిటికీలు మూసుకుని ఒకే గదిలో కూర్చుంటాం, వైరస్‌కు అది పండగ.

అయితే తడి కాళ్ళు తుడుచుకోకపోతే జలుబు చేస్తుందనే నాయనమ్మ మాటను పూర్తిగా కొట్టేయలేం. కార్డిఫ్‌లోనే 2005లో 90 మంది పాదాలను 20 నిమిషాలు చన్నీళ్ళలో పెట్టించారు, ఇంకో 90 మందిని ఖాళీ గిన్నెలో పాదాలు పెట్టుకుని కూర్చోమన్నారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో జలుబు చేసిందని చెప్పినవాళ్ళు మొదటి జట్టులో 13 మంది, రెండో జట్టులో ఐదుగురు. కాళ్ళు చల్లబడితే ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, అప్పటికే దాగి ఉన్న వైరస్‌కు అదను దొరుకుతుంది అని ఆ పరిశోధకులు ఊహించారు. రైనోవైరస్‌కు మన ఒంటి వేడి 37 డిగ్రీల కంటే ముక్కులో ఉండే 33 డిగ్రీల చల్లదనమే ఎక్కువ నచ్చుతుంది. చలి ఒంటరిగా జలుబును పుట్టించలేదు, ఒంట్లో చేరిన వైరస్‌కు సాయం మాత్రం చేయగలదేమో. కాళ్ళు తుడుచుకో అన్న మాటలో నష్టమేమీ లేదు.

ఎలా పెట్టాలి?

నలుగురికి చారు కావాలంటే చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర, ఆరు ఎల్లిగడ్డ పాయలు, వేలి కణుపంత అల్లం, చిన్న నిమ్మకాయంత చింతపండు, ఒక టమాటా, చిటికెడు పసుపు, ఉప్పు, కరివేపాకు, కొత్తిమీర, నాలుగు గ్లాసుల నీళ్ళు. పోపుకు నెయ్యి, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ.

మిరియాలు నేను మోండా మార్కెట్లో కొంటాను. గుప్పెట్లో తీసుకుని రెండు గింజలు గోళ్ళ మధ్య నొక్కి చూస్తాను. బరువైనది, నొక్కితే నలగనిది మంచిది. ఇంటికొచ్చాక గిన్నెడు నీళ్ళలో కొన్ని వేస్తాను. గట్టి గింజ మునుగుతుంది, తాలుగింజ తేలుతుంది. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపే మోసం పాతది. అవి కోలగా, ముడతలు పడి ఉంటాయి, నీళ్ళలో తేలతాయి. నాయనమ్మ మిరియాలను మూత గట్టిగా పట్టే ఇత్తడి డబ్బాలో వేసి, వెలుతురు తగలని గూట్లో పెట్టేది. వెలుతురుకు పైపరిన్ మెల్లగా ఘాటులేని ఇంకో రూపానికి మారిపోతుంది. కిటికీ పక్కన గాజు సీసాలో అందంగా పెట్టిన మిరియాలు ఏడాదికి పేరుకే మిరియాలు.

ముందు చింతపండు నానబెట్టాలి. రోట్లో మిరియాలు, జీలకర్ర వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తని పొడి వద్దు. మిక్సీ తిప్పితే గిన్నె వేడెక్కి వాసనంతా వంటింట్లోకే పోతుంది, చారు మట్టిలా చిక్కబడుతుంది. గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు, గుక్క గుక్కకూ పలుకు తగులుతుండాలి. తర్వాత అల్లం, ఎల్లిగడ్డ పొట్టుతోనే వేసి నాలుగు పోట్లు. పొట్టు తీయని ఎల్లిగడ్డ రోకలి కింద జారి పక్కకు ఎగురుతుంది, చేత్తో రోలు మూతికి అడ్డంపెట్టి దంచాలి. దంచింది అలా పది నిమిషాలు వదిలేయాలి. ఎల్లిగడ్డ ఘాటు పాయలో ముందే ఉండదు. పాయ నలిగినప్పుడు రెండు వేరు వేరు అరల్లో ఉన్న పదార్థాలు కలిసి అప్పుడు పుడుతుంది. పులుపూ వేడీ తగిలితే ఆ పని ఆగిపోతుంది. దంచిన వెంటనే పులుసులో వేస్తే పుట్టాల్సిన ఘాటు పూర్తిగా పుట్టదు.

టమాటా, పసుపు, ఉప్పు, కరివేపాకు వేసిన చింతపండు నీళ్ళను పచ్చివాసన పోయేదాకా బాగా మరగనివ్వాలి. దంచిన ముద్ద ఇప్పుడు, చివర్లో వేయాలి. అంచుల వెంట నురగ కట్టి, మధ్యకు పాకి, గిన్నె నిండా పైకి లేస్తుంది. లేచీ లేవగానే దించేయాలి. ఇంకా మరగబెడితే మిరియాల సువాసన నూనెలు ఆవిరితో పోతాయి, ఘాటు మిగిలి వాసన పోతుంది. ఆ సువాసనే సగం మందు అని నాయనమ్మ నమ్మకం. పక్కింటికి చారు వాసన గుప్పుమని కొడితే "నీ చారు పక్కింటోళ్ళే తాగిన్రు" అని మా అమ్మను కోప్పడేది.

పోపు నెయ్యిలోనే ఎందుకంటే పైపరిన్, క్యాప్సైసిన్ రెండూ నీళ్ళలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. చారు మీద తేలే బంగారు రంగు నేతి చుక్కలు కారాన్ని పట్టుకుని గొంతు పొడుగునా మెత్తగా పూస్తాయి. నెయ్యి లేని చారు నాలుకను చురుక్కుమనిపించి నీళ్ళలా జారిపోతుంది.

తాగేటప్పుడు రెండు చేతులా గ్లాసు పట్టుకుని ముందు ఆవిరి పీల్చాలి. నాలుగు ఊపిర్లు, ఒక గుక్క. మొదటి గ్లాసు ఉత్తది తాగి, తర్వాత మెత్తగా పిసికిన అన్నంలో పోసుకోవాలి.

మా ఇంట్లో ఆవిరి ఇలా గ్లాసులోంచే పడతాం. దానికి కారణం ఉంది. నాకు పన్నెండేళ్ళప్పుడు మా తమ్ముడికి జలుబు చేస్తే వెడల్పాటి గిన్నెలో మరిగే నీళ్ళు పోసి, వాము వేసి, వాడి ముందు పెట్టి, నెత్తిన దుప్పటి కప్పాం. పట్టుకుని కూర్చోవాల్సింది నేను. వాకిట్లో ఎవరో పిలిస్తే లేచాను. వాడు కదిలాడు, గిన్నె ఒరిగింది. తొడ మీది మచ్చ ఇప్పటికీ ఉంది వాడికి. ఆవిరి పట్టడం వల్ల జలుబుకు కచ్చితమైన లాభం ఉందని పరీక్షల్లో తేలలేదు, పిల్లలు ఇలా కాల్చుకోవడం మాత్రం ఆసుపత్రులకు బాగా తెలిసిన ప్రమాదం. పిల్లల ముందు మరిగే నీళ్ళ గిన్నె పెట్టకండి. ఈ వ్యాసంలో మీరు ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే అది ఇదే కావాలని కోరుకుంటాను.

ఈ చారు ఇక్కడికెలా చేరింది?

మిరియం పడమటి కనుమల పంట. మిరపకాయ అమెరికా ఖండపు పంట, పోర్చుగీసుల ఓడలొచ్చాక 16వ శతాబ్దంలో మనకు పరిచయమైంది. అంతకుముందు మన నోళ్ళకు ఘాటంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, శొంఠే. ఆయుర్వేదంలో శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపి త్రికటుకం అంటారు, దగ్గు జలుబులకు దాన్ని ఇప్పటికీ వాడతారు. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు జింజరాల్‌లో కొంత షోగాల్ అనే ఇంకా ఘాటైన పదార్థంగా మారుతుంది. అల్లం కంటే శొంఠి గొంతులో ఎక్కువ పొడవడానికి కారణం అదే.

సికింద్రాబాద్ 1806లో, మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన కంటోన్మెంటు. ఇక్కడ మకాం వేసిన ఈస్ట్ ఇండియా కంపెనీ సేనలు ప్రధానంగా మద్రాసువి. వాళ్ళ వెంట తమిళులు, వంటవాళ్ళు, దుకాణదారులు వచ్చారు. తమిళంలో మిళగు అంటే మిరియం, తణ్ణీర్ అంటే నీళ్ళు. ఆ మిళగుతణ్ణీరే ఆంగ్లేయుల నోట ముల్లిగటానీ అయింది, మాంసమూ పప్పూ చేరి సూపయింది. మద్రాసు దొరలకు దాని మీద ఎంత మోజంటే వాళ్ళకు 'ముల్స్' అనే ముద్దుపేరే వచ్చింది. మెస్సుల్లో అది చిక్కని సూపుగా మారిపోయింది. ఇళ్ళల్లో మాత్రం చారు చారుగానే ఉండిపోయింది, అందుకు నాకు సంతోషం.

జంటనగరాల్లో జలుబు గురించి మాట్లాడి జిందా తిలిస్మాత్ పేరు ఎత్తకపోతే ఎవరూ ఒప్పుకోరు. 1920లో హకీమ్ మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన ఆ చిన్న సీసా మా ఇంట్లోనూ ఉండేది. అందులో ప్రధానమైనది నీలగిరి తైలం. ఇలాంటి సీసాల్లో, బామ్‌లలో ఉండే మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే ఇంకో తలుపు తీస్తుంది. గాలి పెరగకపోయినా ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. లేని వేడిని మిరియం పుట్టిస్తే, లేని చలిని మెంథాల్ పుట్టిస్తుంది.

ఎవరికి వద్దు?

ఏడాది నిండని పిల్లలకు ఈ ఘాటు అసలే వద్దు. వాళ్ళకు తేనె కూడా వద్దు, అరుదైనా ప్రాణాంతకమైన బొట్యులిజం భయం ఉంది. ఏడాది దాటిన పిల్లల దగ్గుకు పడుకునే ముందు చెంచాడు తేనె పనికొస్తుందని పరీక్షల్లోనూ తేలింది. కర్పూరం ఏ వయసు పిల్లల నోట్లోకీ పోకూడదు, కొద్దిగా మింగినా మూర్ఛ రావచ్చు. దగ్గు సిరప్ అంతకంటే భద్రం అనుకోవద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కలుషితమైన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ అక్టోబరులో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

పెద్దవాళ్ళలో కడుపులో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్ళు పరగడుపున తాగకూడదు. 2020 మార్చిలో, కోవిడ్ రోజుల్లో, ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి కషాయం రోజుకు ఒకటి రెండుసార్లు తాగమంది. మా వాడకట్టులో కొందరు అయిదారుసార్లు తాగి, కడుపు మంటతో మంచం పట్టారు. అతిమధురం వేసే ఇళ్ళు ఉన్నాయి. అది రోజుల తరబడి వాడితే రక్తపోటు పెంచుతుంది, బీపీ మందులు వాడేవాళ్ళు దాని జోలికి పోకూడదు.

మిరియం గురించి ఇంకో సంగతి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో రెండు గ్రాముల పసుపు సారాన్ని 20 మిల్లీగ్రాముల పైపరిన్‌తో కలిపి ఇస్తే, రక్తంలోకి చేరే పాలు 20 రెట్లు పెరిగిందని గమనించారు. పసుపు పాలలో మిరియప్పొడి వేసే అలవాటుకు అందరూ దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. అదే సంగతికి రెండో వైపు కూడా ఉంది. పసుపును విరిచేయకుండా కాలేయాన్ని ఆపిన మిరియం, కొన్ని మందులనూ అలాగే ఆపి ఒంట్లో మోతాదు పెంచుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ అలాంటిది. చారులో మిరియాలకు భయపడక్కర్లేదు. చెంచాల కొద్దీ పొడులు, గొట్టాల మందులు మింగేవాళ్ళు డాక్టరుకు చెప్పి మింగాలి.

ఇక రోలు పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం ఎలా తెలుస్తుంది? పిల్లవాడు నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిర్లు లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు పసికందుకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ళలోపు పిల్లలకు 40, అంతకు చేరినా దాటినా న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు, వెంటనే తీసుకుపోవాలి. పెద్దవాళ్ళకైనా జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టినా అది చారుతో పోయే జబ్బు కాదు.

మా వాడికి అలాంటివేమీ రాలేదు. ఆ రాత్రి చారన్నం తిని, రెండు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టుకుని, నోరు మూసుకుని పడుకున్నాడు. బోనాల ఆదివారానికి వాడు తేరుకున్నాడు, వాడి అక్క తుమ్మడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి రోలు ముందు గొంతుక్కూర్చుని, చేత్తో రోలు మూతికి అడ్డంపెట్టి దంచుతున్నాడు.

"ఇయ్యాల మొదటి దినమే కదరా, దానికి ముక్కు నీళ్ళలెక్క కారుతుంది" అన్నాను.

రోకలి ఆపి ఆలోచించాడు. దంచినదంతా చిన్న గిన్నెలోకి తీసి, మూతపెట్టి, వెలుతురు తగలకుండా గూట్లో పెట్టాడు.

"అయితే రేపటికి" అన్నాడు.